సర్కారు దవాఖానలో డిపార్ట్‌మెంట్ల వారీగా ఖర్చు లెక్క కట్టడం ఎలా: వార్డు నుంచి నెలవారీ నివేదిక దాకా

బిల్లులు చేయడం వచ్చు, ట్రెజరీ అభ్యంతరాలకు జవాబు రాయడం వచ్చు. కానీ సూపరింటెండెంట్ పిలిచి "మెడిసిన్ వార్డుకు నెలకు ఎంత ఖర్చవుతోంది?" అంటే ఏం చెప్పాలి? వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు ప్రభుత్వ ఆస్పత్రుల అకౌంట్స్ సెక్షన్లలో కొత్తగా చేరినవాళ్లు పదేపదే అడుగుతున్నది ఇదే. సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ) చదివి వచ్చినవాళ్లకైనా, సీనియర్ అసిస్టెంట్‌గా ఈ పని నెత్తిన పడినవాళ్లకైనా చిక్కు ఒక్కటే.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి. ప్రభుత్వ ఆస్పత్రిలో జరిగే ఖర్చులో పెద్ద భాగం ఆస్పత్రి క్యాష్ బుక్‌లోకి రానే రాదు. మందులు టీజీఎంఎస్ఐడీసీ (రాష్ట్ర వైద్య సేవల కార్పొరేషన్) నుంచి సెంట్రల్ మెడిసిన్ స్టోర్ ద్వారా వస్తాయి, మీకు బిల్లు రాదు. బోధనాస్పత్రుల్లో ప్రొఫెసర్ల జీతం చాలావరకు కాలేజీ డీడీఓ (జీతాలు డ్రా చేసి ఇచ్చే అధికారి) కింద డ్రా అవుతుంది. పెద్ద యంత్రాలు పైనుంచే వస్తాయి. కాబట్టి బడ్జెట్ రిజిస్టర్ ముందు పెట్టుకుని డిపార్ట్‌మెంట్ ఖర్చు తేల్చాలని చూస్తే స్టేషనరీ, రిపేర్లు, చిల్లర కొనుగోళ్లు తప్ప ఏమీ కనిపించవు. ఏ వార్డు ఏమి వాడింది, దాంతో ఎంత పని చేసింది అన్న రెండూ పక్కపక్కన పెట్టడమే మీ పని.

1. మొదటి రెండు వారాలు: ఎక్సెల్ తెరవకండి

ముందు మీ ఆస్పత్రి ఎవరి కింద ఉందో రాసుకోండి. వరంగల్ ఎంజీఎం లాంటి బోధనాస్పత్రులు వైద్య విద్య సంచాలకుల కింద, ఏరియా ఆస్పత్రులు, సీహెచ్‌సీలు వైద్య విధాన పరిషత్ కింద, పీహెచ్‌సీలు ప్రజారోగ్య శాఖ కింద ఉంటూ వచ్చాయి. 2022 నుంచి కొత్త మెడికల్ కాలేజీలు వచ్చినచోట, అంటే మంచిర్యాల, జగిత్యాల, మహబూబాబాద్, రామగుండం వంటి చోట్ల, పాత జిల్లా లేదా ఏరియా ఆస్పత్రి బోధనాస్పత్రిగా మారింది. అలాంటి చోట పాత సిబ్బంది ఒక పద్దు కింద, కొత్త సిబ్బంది మరో పద్దు కింద ఉండే అవకాశం ఉంది. ఇది తేల్చుకోకుండా జీతాల లెక్క జోలికి పోవద్దు.

తర్వాత డబ్బు వచ్చే దారులన్నీ ఒక కాగితం మీద గీయండి. రాష్ట్ర బడ్జెట్ (రెవెన్యూకు 2210, క్యాపిటల్‌కు 4210 మేజర్ హెడ్), ఎన్‌హెచ్‌ఎం (జాతీయ ఆరోగ్య మిషన్) నిధులు, ఆరోగ్యశ్రీ క్లెయిములు, ఆస్పత్రి అభివృద్ధి సొసైటీ ఖాతా, డబ్బు కాకుండా వస్తురూపంలో వచ్చేవి. ఐదు బాణాలు గీస్తే చాలు, సగం గందరగోళం పోతుంది.

చేతిలో ఉండాల్సినవి:

- మంజూరైన పడకల జీవో, నిజంగా వేసిన పడకల జాబితా (రెండూ వేరువేరుగా)
- నంబర్ స్టేట్‌మెంట్ (పోస్టులు, జీతాల వివరాల పట్టిక), తాజా పే బిల్లు, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ఇన్‌వాయిస్
- వార్డుల డ్యూటీ రోస్టర్లు, కనీసం మూడు నెలలవి
- ఈ-ఔషధి (మందుల స్టాక్ ఆన్‌లైన్ వ్యవస్థ) నుంచి సబ్‌స్టోర్ల వారీ ఇష్యూ రిపోర్టు
- మెడికల్ రికార్డ్స్ సెక్షన్ నుంచి మిడ్‌నైట్ సెన్సస్
- ల్యాబ్, రేడియాలజీ, ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్ల నెలవారీ మొత్తాలు
- కరెంటు బిల్లు, ఆక్సిజన్ సరఫరా చలాన్లు, డైట్ షీట్లు
- యంత్రాల జాబితా: వారంటీ తేదీ, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ఉందో లేదో

ఇవన్నీ ఒకేసారి అడిగితే ఎవరూ ఇవ్వరు. సూపరింటెండెంట్ సంతకంతో ఒక చిన్న సర్క్యులర్ తీయించండి. అది పట్టుకుని ఒక్కో సెక్షన్‌కు స్వయంగా వెళ్లండి. కాగితం పంపి కూర్చుంటే అది ఏదో ఒక టేబుల్ మీద ఆగిపోతుంది.

2. కాస్ట్ సెంటర్లు విడగొట్టడం

ఖర్చును విడిగా లెక్కగట్టే ఒక్కో చోటే కాస్ట్ సెంటర్. ఆస్పత్రిని మూడు వరుసలుగా రాయండి.

మొదటి వరుసలో రోగిని నేరుగా చూసేవి: మెడిసిన్, సర్జరీ, పిల్లల విభాగం, గైనిక్, ఐసీయూ, క్యాజువాలిటీ, ఓపీలు. రెండో వరుసలో వాటికి క్లినికల్ సేవ ఇచ్చేవి: ల్యాబ్, రేడియాలజీ, బ్లడ్ బ్యాంక్, థియేటర్లు, ఫార్మసీ. మూడో వరుసలో మిగతా అన్నీ: వంటగది, లాండ్రీ, సీఎస్‌ఎస్‌డీ (పరికరాలు స్టెరిలైజ్ చేసే విభాగం), శానిటేషన్, సెక్యూరిటీ, ఆఫీసు, కరెంటు.

ఎన్ని సెంటర్లు పెట్టాలి? కొత్తగా చేసేవాళ్లు ప్రతి యూనిట్‌కూ ఒక సెంటర్ పెట్టి, నలభై యాభై వరుసలు నింపలేక మూడో నెలలో వదిలేస్తారు. విడిగా ఇండెంట్ (స్టోర్ నుంచి సరుకు కోరే కాగితం) రాసే చోటు, విడిగా హెడ్ నర్స్ ఉన్న చోటు అయితేనే సెంటర్ పెట్టండి. ఇండెంట్ పుస్తకం లేని చోట ఖర్చు పట్టుకోలేరు, సెంటర్ పేరు కాగితం మీదే ఉంటుంది.

3. పని లెక్క: ఖర్చుకన్నా ముందు ఇదే

వార్డుకు ప్రధాన కొలత రోగి-రోజులు. రాత్రి పన్నెండు గంటలకు పడకల మీద ఎంతమంది ఉన్నారో అదే ఆ రోజు లెక్క. చేరిన రోజు లెక్కలోకి వస్తుంది, డిశ్చార్జ్ అయిన రోజు రాదు. చేరిన రోజే వెళ్లిపోయినవారికి ఒక రోజు వేయండి.

ఆక్యుపెన్సీ అంటే నెల రోగి-రోజులను, పడకలు గుణించు రోజులతో భాగించి వందతో హెచ్చించడం. 30 పడకల వార్డులో 30 రోజుల నెలకు 900 పడక-రోజులు ఉంటాయి. సెన్సస్ 1,080 చూపిస్తే ఆక్యుపెన్సీ 120 శాతం. "వంద దాటడం ఏంటి, తప్పు పడింది" అని దిద్దకండి. వానాకాలంలో మెడికల్ వార్డులు చూసినవాళ్లకు తెలుసు, పడకకు ఇద్దరు, కింద పరుపుల మీద మరికొందరు ఉంటారు. ఆ అంకె అలాగే పైకి వెళ్లాలి.

మంజూరైన పడకల మీద ఒక శాతం, వేసిన పడకల మీద ఒక శాతం, రెండూ చూపండి. నిధులు మొదటిదాన్ని బట్టి వస్తాయి, పని రెండోదాన్ని బట్టి జరుగుతుంది.

మిగతావాటికి ఈ కొలతలు చాలు. ఓపీకి చూసిన రోగులు (కొత్త, పాత వేరుగా), థియేటర్‌కు ఆపరేషన్ గంటలు, ల్యాబ్‌కు టెస్టులు, గైనిక్‌కు కాన్పులు, సిజేరియన్లు వేరువేరుగా. థియేటర్‌కు ఆపరేషన్ల సంఖ్య పెట్టకండి. హెర్నియాకూ, విరిగిన తొడ ఎముకకూ ఒకే అంకె వేస్తే సర్జన్లు మీ రిపోర్టును మళ్లీ చూడరు.

4. ఖర్చు పట్టుకోవడం

ఎక్కువ సమయం ఇక్కడే పడుతుంది. ఒక్కో రకాన్ని ఒక్కో తీరుగా పట్టుకోవాలి.

*జీతాలు.* పే బిల్లులో ఉన్న చోటును కాదు, రోస్టర్‌లో ఉన్న చోటును నమ్మండి. పిల్లల వార్డు పోస్టులో జీతం తీసుకునే స్టాఫ్ నర్స్ ఏడాదిగా ఐసీయూలో డ్యూటీ చేస్తూ ఉండవచ్చు. డెప్యుటేషన్ మీద వేరే ఊళ్లో ఉన్నవాళ్లను వార్డు ఖర్చులో వేయకండి, విడిగా ఒక వరుసలో చూపండి. డాక్టర్ల సమయాన్ని ఓపీ, వార్డు, థియేటర్, బోధన అని విడదీయడానికి ప్రతి నెలా కుస్తీ పట్టొద్దు. ఏడాదికి రెండుసార్లు, ఒక్కో వారం పాటు, హెచ్‌ఓడీ (విభాగాధిపతి)తో కూర్చుని శాతాలు రాసుకుని అవే ఆరు నెలలు వాడండి. ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి చేతికొచ్చే జీతం కాకుండా ఏజెన్సీ కమీషన్, పీఎఫ్, జీఎస్టీ కలిసిన ఇన్‌వాయిస్ మొత్తం వేయాలి.

*మందులు, సర్జికల్స్.* ఈ-ఔషధిలో మెయిన్ స్టోర్ నుంచి వార్డుకు ఇష్యూ అయినదాన్నే వాడకం అనుకోవడం అందరూ చేసే పొరపాటు. నెలాఖరున వార్డు అల్మారాలో ఇరవై రోజుల సెలైన్ మిగిలి ఉండవచ్చు. అలాగని ప్రతి వస్తువునూ లెక్కపెట్టడం కుదరదు. వస్తువులను విలువ ప్రకారం పెద్ద నుంచి చిన్నకు వరుసగా పేర్చండి. పై పది పదిహేను శాతం వస్తువుల్లోనే మూడింట రెండొంతుల విలువ ఉంటుంది. వాటిని మాత్రమే నెలాఖరున హెడ్ నర్స్‌తో కలిసి లెక్కపెట్టండి. మొదటి నిల్వకు వచ్చినవి కలిపి, చివరి నిల్వ తీసేస్తే వాడకం. మిగతావాటికి ఇష్యూనే వాడకంగా తీసుకోండి.

ధర ఎక్కడినుంచి? కార్పొరేషన్ రేట్ కాంట్రాక్టు ధర వేయండి. స్థానికంగా కొన్నదైతే కొన్న ధర. బయటి మెడికల్ షాపు ఎంఆర్‌పీ వేస్తే ఖర్చు ఎన్నో రెట్లు కనిపిస్తుంది, డాక్టర్లకు లేనిపోని టెన్షన్.

*ఆక్సిజన్.* కోవిడ్ తర్వాత ట్యాంకులు వచ్చాయి గానీ వార్డుల వారీ మీటర్లు చాలాచోట్ల లేవు. చార్టుల నుంచి అంచనా కట్టాలి. నిమిషానికి 5 లీటర్ల చొప్పున 24 గంటలు ఇస్తే 7,200 లీటర్లు, అంటే దాదాపు ఒక పెద్ద డి-టైప్ సిలిండర్. హై ఫ్లో యంత్రం మీద నిమిషానికి 60 లీటర్లు పూర్తి ఆక్సిజన్ పోతే అలాంటి పన్నెండు సిలిండర్లు ఒక్కరోజులో ఖాళీ. కాబట్టి ఆక్సిజన్‌ను రోగి-రోజుల మీద పంచితే ఐసీయూ ఖర్చు జనరల్ వార్డుల నెత్తిన పడుతుంది. ఎంతమంది, ఏ ఫ్లో, ఎన్ని గంటలు అని ఒక చిన్న పట్టిక సిస్టర్లతో నింపించండి.

*డైట్.* డైట్ షీట్ల మొత్తాన్ని సెన్సస్‌తో పోల్చండి. 2022లో రాష్ట్ర ప్రభుత్వం సాధారణ రోగికి రోజుకు 40 రూపాయలున్న డైట్ చార్జీని 80కి, టీబీ, మానసిక రోగుల వంటివారికి 56 నుంచి 112కు పెంచింది. తర్వాతి జీవో ఏదైనా ఉంటే దాన్నే వాడండి. డైట్ సంఖ్య సెన్సస్‌ను దాటితే బిల్లు పాస్ చేసే ముందే అడగండి. తల్లికీ బిడ్డకూ పొరపాటున రెండు వేశారా, డిశ్చార్జ్ అయినవారి పేర్లు కొట్టేయలేదా అన్నది అక్కడే తేలుతుంది.

*ల్యాబ్.* టెస్టు ధర కట్టేటప్పుడు రీయేజెంట్ కిట్ మీద ఉన్న టెస్టుల సంఖ్యతో భాగించకండి. కంట్రోల్స్ (ఫలితం సరిగ్గా వస్తోందో చూసే శాంపిల్స్), కాలిబ్రేషన్, రిపీట్‌లు అందులోంచే పోతాయి. ఒక టెస్టుకు రోజుకు రెండు కంట్రోల్స్ పెట్టి, రోగుల శాంపిల్స్ మూడే వస్తే రీయేజెంట్‌లో 40 శాతం కంట్రోల్స్‌కే పోయింది. అలాంటి టెస్టులను తెలంగాణ డయాగ్నోస్టిక్స్ హబ్‌కు పంపాలా, వారంలో రెండు రోజులు కలిపి చేయాలా అని మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ మేడంల ముందు లెక్క పెట్టండి. నిర్ణయం వాళ్లది. అర్ధరాత్రి కావలసిన టెస్టును రేటు చూసి ఆపేయమని మనం చెప్పకూడదు.

*యంత్రాల అరుగుదల.* ప్రభుత్వ లెక్కల్లో అరుగుదల ఉండదు. నెలవారీ రిపోర్టులో అక్కర్లేదు కూడా. కొత్త యంత్రం అడిగేటప్పుడో, ఒక స్కాన్ ఖరీదు తేల్చేటప్పుడో మాత్రం కలపండి. 40 లక్షల యంత్రం ఎనిమిదేళ్లు నడుస్తుందనుకుంటే ఏడాదికి 5 లక్షలు. ఏడాదికి 10,000 టెస్టులు చేస్తే ఒక్కోదానికి 50 రూపాయలు, రెండు వేలే చేస్తే 250.

5. ఉమ్మడి ఖర్చులు పంచడం

మూడో వరుస సెంటర్ల ఖర్చును ముందు రెండో వరుసకూ మొదటి వరుసకూ, ఆపై రెండో వరుస ఖర్చును మొదటి వరుసకు దించుతారు. మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది, ఒకసారి దించేసిన సెంటర్‌కు మళ్లీ ఏమీ రాదు. పంచే ఆధారాలు:

- లాండ్రీ: ఉతికిన బట్టల బరువు, లేదా ముక్కలు
- సీఎస్‌ఎస్‌డీ: స్టెరిలైజ్ చేసిన సెట్లు
- వంటగది: డైట్లు
- శానిటేషన్: నేల వైశాల్యం, ఐసీయూ, లేబర్ రూమ్, థియేటర్లకు ఎక్కువ తూకం
- ఆఫీసు, అకౌంట్స్: సిబ్బంది సంఖ్య
- మెడికల్ రికార్డ్స్: అడ్మిషన్లు
- బయోమెడికల్ వ్యర్థాలు: బార్‌కోడ్ రిపోర్టులో వార్డుల వారీ బరువు

శానిటేషన్ దగ్గర ఒక మెలిక ఉంది. కాంట్రాక్టు చెల్లింపు పడకల లెక్కన ఉంటుంది. 2022లో పడకకు నెలకు 5,000 నుంచి 7,500 రూపాయలకు పెంచారు. అందుకని పడకల ప్రకారమే పంచితే పడకలు లేని ఓపీ బ్లాకుకూ ల్యాబుకూ సున్నా పడుతుంది. నిజానికి జనం ఎక్కువగా తొక్కేది ఓపీనే. చెల్లింపు ఏ లెక్కన జరిగినా, పంపకం పని ప్రకారం జరగాలి.

కరెంటు బిల్లు చదవడం నేర్చుకోండి. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌లో విద్యుత్ సంస్థ టీజీఎన్‌పీడీసీఎల్ రెండు రకాలుగా వసూలు చేస్తుంది: వాడిన యూనిట్లకు, డిమాండ్‌కు. డిమాండ్ చార్జీ ఆ నెల నమోదైన గరిష్ఠ డిమాండ్‌కో, ఒప్పంద డిమాండ్‌లో 80 శాతానికో, ఏది ఎక్కువైతే దానికి పడుతుంది. ఒప్పందం మరీ ఎక్కువ ఉంటే వాడని కరెంటుకు ప్రతి నెలా కడుతున్నట్టే. యూనిట్లు కేవీఏహెచ్‌లో లెక్కిస్తారు కాబట్టి పవర్ ఫ్యాక్టర్ పడిపోతే బిల్లు పెరుగుతుంది, అంటే కెపాసిటర్ ప్యానెల్ పాడైందేమో చూడమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాలి. ఇది ఏ హెచ్‌ఓడీ చేతిలోనూ లేని విషయం. వాళ్ల మీద పంచి ఊరుకోకుండా ఆఫీసు స్థాయిలోనే సరిచేయించండి.

6. ఒక్క పేజీ నివేదిక

డిపార్ట్‌మెంట్‌కు ఒక పేజీ, అంతకు మించితే చదవరు. నమూనాకు ఊహించిన అంకెలతో 30 పడకల మెడికల్ వార్డు, 1,080 రోగి-రోజుల నెల:

- జీతాలు: రూ. 14,58,000 (రోగి-రోజుకు 1,350)
- మందులు, సర్జికల్స్: రూ. 4,32,000 (400)
- ల్యాబ్, స్కాన్లు: రూ. 2,70,000 (250)
- ఆక్సిజన్: రూ. 54,000 (50)
- డైట్: రూ. 86,400 (80)
- ఉమ్మడి సేవల వాటా: రూ. 2,91,600 (270)
- మొత్తం: రూ. 25,92,000 (2,400)

ఈ 2,400 అన్న అంకెతో జాగ్రత్త. వచ్చే నెల రోగి-రోజులు 720కి తగ్గితే జీతాలు మాత్రం అంతే ఉంటాయి. రోగి-రోజుకు జీతం 1,350 నుంచి 2,025కు ఎగబాకుతుంది. వార్డులో ఎవరూ దుబారా చేయలేదు. తిరగేసి చూస్తే, పడకకు ఇద్దర్ని పడుకోబెట్టిన వార్డే అన్నిటికన్నా చవకగా కనిపిస్తుంది. చవక వార్డును మెచ్చుకుంటూ రాసిన రిపోర్టు నర్సుల కొరతను దాచిపెడుతుంది. అందుకే ఒక రోగి పెరిగితే పెరిగే ఖర్చు, అంటే మందులు, ల్యాబ్, ఆక్సిజన్, డైట్ కలిపి ఇక్కడ 780, పైన విడిగా చూపండి. నెల నెలకూ పోల్చాల్సింది దాన్నే. దాని పక్కనే ఆక్యుపెన్సీ, ఒక నర్సుకు ఎంతమంది రోగులు అన్న రెండు అంకెలు తప్పనిసరి.

రోగుల పేర్లు, ఐపీ నంబర్లు ఈ పేజీ మీద ఉండకూడదు.

7. తేడాను విడదీయడం

"పాము కాటు మందు బడ్జెట్ దాటింది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఎందుకు దాటిందో విడదీయాలి.

ఉదాహరణకు జూలైకి 20 కేసులు, కేసుకు 10 వయల్స్ చొప్పున 200 వయల్స్ అంచనా వేశారు. వచ్చినవి 30 కేసులు, పోయినవి 330 వయల్స్. వయల్ 500 రూపాయలు అనుకుందాం. అదనం 130 వయల్స్, రూ. 65,000.

1. కేసులు పెరిగినందుకు: 10 కేసులు × 10 వయల్స్ = 100 వయల్స్, రూ. 50,000
2. కేసుకు వాడకం పెరిగినందుకు: 30 కేసులు × 1 వయల్ = 30 వయల్స్, రూ. 15,000

మొదటిది ఎవరి తప్పూ కాదు. నాట్ల కాలంలో పొలాల్లో జనం ఉంటారు, పాములూ ఉంటాయి. దానికి జవాబు స్టోర్ ముందుగా ఇండెంట్ పెట్టడం. అడగాల్సింది రెండో దాని గురించి. ఏటూరునాగారం, మంగపేట వైపు నుంచి ఆలస్యంగా వచ్చి రెండో డోస్ పడిన కేసులా? కింది ఆస్పత్రిలో మొదటి డోస్ వేయకుండానే రెఫర్ చేస్తున్నారా? వయల్స్ కలిపాక వాడక పారేశారా? మొదటి రెండిటికీ వార్డు చేయగలిగేది ఏమీ లేదు, జిల్లా స్థాయిలో మాట్లాడాలి. మూడోది వార్డులోనే సరిచేసుకోవచ్చు.

పురుగుమందు తాగిన కేసులకూ ఇదే పద్ధతి, కొలత మాత్రం వెంటిలేటర్ రోజులు. పత్తి చేలలో మందులు కొట్టే నెలల్లో ఆ రోజులు పెరిగితే అట్రోపిన్ దగ్గర్నుంచి ట్యూబుల దాకా అన్నీ పెరుగుతాయి.

8. హెచ్‌ఓడీతో, సిస్టర్‌తో మాట్లాడటం

పేజీ పంపే ముందే వార్డుకు వెళ్లండి. ముందు హెడ్ నర్స్ దగ్గరికి, తర్వాత హెచ్‌ఓడీ దగ్గరికి. ఈ వరుస తప్పితే సిస్టర్‌కు సంజాయిషీ అడిగినట్టు అనిపిస్తుంది.

అడిగే తీరు ముఖ్యం. "మీ వార్డులో కాన్యులాలు ఎందుకు వృథా అవుతున్నయ్?" అంటే తలుపు మూసుకుంటుంది. "సిస్టర్, పోయిన నెల కాన్యులాలు ఎక్కువ పోయినయ్, ఏమన్నా మారిందా?" అంటే, "కొత్త బ్యాచ్ మంచిగ లేదు సార్, సూది వంగిపోతున్నది, ఒక్కో పేషెంట్‌కు రెండు మూడు పెట్టవలసి వస్తున్నది" అన్న జవాబు రావచ్చు. అప్పుడు అది ఖర్చు సమస్య కాదు, క్వాలిటీ ఫిర్యాదు. బ్యాచ్ నంబర్‌తో సూపరింటెండెంట్ ద్వారా కార్పొరేషన్‌కు వెళ్లాలి.

హెచ్‌ఓడీకి పావుగంట చాలు. ఓపీ అయ్యాక, రౌండ్స్ లేని వేళ చూసి వెళ్లండి. ఆయన చేతిలో ఉన్న అంశాలు మూడు చూపండి, ఆఫీసు చేయాల్సినవి ఒకటో రెండో మీరే ఒప్పుకుని రాసుకోండి. తీసుకోవడమే గానీ ఇవ్వడం లేని అకౌంటెంట్‌కు రెండో నెల కుర్చీ చూపించరు.

9. ఆరోగ్యశ్రీ క్లెయిములు డిపార్ట్‌మెంట్ల వారీగా

2023 డిసెంబర్‌లో ఈ పథకం కింద చికిత్స పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ప్రభుత్వ ఆస్పత్రికి ఈ క్లెయిముల డబ్బు చేతికొచ్చే ఆదాయం, సొసైటీ ఖాతా నడిచేది చాలావరకు దీంతోనే. కానీ మొత్తం ఎంత వచ్చిందనే ఒక్క అంకె చూసి ఊరుకుంటారు. ప్రతి డిపార్ట్‌మెంట్‌కూ ఈ మెట్లు చూపండి:

- పథకం కిందికి రాగల కేసులు
- ప్రీఆథరైజేషన్ (చికిత్సకు ముందస్తు అనుమతి) పెట్టినవి
- ఆమోదం వచ్చినవి
- క్లెయిమ్ సమర్పించినవి
- ప్రశ్నలు వచ్చి ఆగినవి: 30 రోజుల లోపు, 31 నుంచి 60, ఆపైన
- తిరస్కరించినవి, కారణంతో

ఎక్కువ నష్టం మొదటి రెండు మెట్ల మధ్యనే. రాత్రి ఎమర్జెన్సీలో చేరిన రోగి కార్డు తెల్లారి ఎవరూ అడగరు. ఆరోగ్యమిత్రతో (ఆస్పత్రిలో పథకం తరఫున రోగులకు సాయపడే ఉద్యోగి) ఉదయం సెన్సస్ జాబితా పట్టుకుని వార్డులు తిరిగే ఏర్పాటు చేయించండి. తర్వాతి నష్టం కేస్ షీట్లలో: ఆపరేషన్ నోట్స్ మీద సంతకం లేదు, ఎక్స్‌రే ఫొటో లేదు. ఏ కాగితం లేక ఎన్ని ఆగాయో లెక్క చూపితే హౌస్ సర్జన్లకు ఏం చెప్పాలో హెచ్‌ఓడీకి తెలుస్తుంది.

10. బడ్జెట్ ప్రతిపాదనలు, కాలాల పట్టిక

బతుకమ్మ, దసరా సెలవులకు ముందే డిపార్ట్‌మెంట్ల అవసరాల కాగితాలు మీ చేతికి రావాలి. నంబర్ స్టేట్‌మెంట్ ఆ రోజుల్లోనే అడుగుతారు. పోయినేటికి పది శాతం కలిపి పంపడం పాత అలవాటు. దానికి బదులు పని అంచనా వేసి, రోగి-రోజుకు మారే ఖర్చుతో గుణించి, ధరల మార్పు విడిగా చూపండి.

నెలలను సమానంగా పన్నెండుతో భాగించకండి. మన వైపు ఏడాది ఇలా నడుస్తుంది. జూలై నుంచి అక్టోబర్ దాకా జ్వరాలు, డెంగీ, ఏజెన్సీ మలేరియా, పాము కాట్లు. చలికాలంలో దమ్ము, గుండె కేసులు. ఏప్రిల్, మే వడదెబ్బ. రెండేళ్లకోసారి మేడారం జాతర: సిబ్బంది, మందులు, అంబులెన్సులు అటు మళ్లుతాయి, ప్రమాద కేసులు ఇటు వస్తాయి. జాతర ఉన్న ఏడాది నెలలను లేని ఏడాదితో పోల్చి ఎవరినీ ప్రశ్నించకండి.

11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

- *మార్చి ఖర్చు ఒక్కసారిగా పెరిగింది.* అది చెల్లింపు, వాడకం కాదు. ట్రెజరీ టోకెన్ తేదీ వదిలేసి, సరుకు అందిన, వాడిన నెలలో వేయండి.
- *దానంగా వచ్చిన వస్తువులు లెక్కలో లేవు.* కంపెనీలు ఇచ్చిన మానిటర్లు, ట్రస్టులు ఇచ్చిన మందులు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి విలువ వేయండి. లేదంటే వచ్చే ఏడాది దానం ఆగినప్పుడు ఖర్చు పెరిగినట్టు కనిపిస్తుంది.
- *స్థానిక కొనుగోళ్లు పెరుగుతున్నాయి.* స్టాక్ లేదన్న ధ్రువపత్రం ప్రతి బిల్లుకూ ఉందో చూడండి. ఒకే మందు మూడు నెలలు వరుసగా బయట కొంటే అది ఇండెంట్ తప్పు, స్టోర్ ఫార్మసిస్ట్‌తో కూర్చోండి.
- *ఒక వార్డులో గడువు దాటిన మందులు, పక్క వార్డులో కొరత.* మూడు నెలల్లో గడువు ముగిసే వాటి జాబితా ప్రతి నెల మొదటి వారంలో అన్ని వార్డులకూ తిప్పండి. ముందు ముగిసేది ముందు వాడాలి. మిగిలేది పరకాల, నర్సంపేట ఆస్పత్రులకైనా పనికొస్తుంది, అనుమతితో బదిలీ చేయించండి.
- *ఎన్‌హెచ్‌ఎం డబ్బుతో కొన్నది రాష్ట్ర బడ్జెట్‌లోనూ చూపారు.* ప్రతి వోచర్ మీద నిధి పేరు ముద్ర వేయండి. వినియోగ ధ్రువపత్రం ఇచ్చే ముందు పీఎఫ్ఎంఎస్ (కేంద్ర నిధుల ఆన్‌లైన్ వ్యవస్థ) బ్యాలెన్స్‌తో సరిచూడండి.
- *పాడైన యంత్రం మీద ఏఎంసీ కడుతున్నారు.* లాగ్ బుక్‌లో పనిచేయని రోజులు రాయించి, ఒప్పందం ప్రకారం కోత పడిందో లేదో చూడండి. కండెమ్ చేయాల్సినవి (పనికిరానివిగా తీసేయాల్సినవి) జాబితా కట్టండి.

12. నెల తిరిగే వరుస

1. ఒకటి, రెండు తేదీలు: వార్డుల్లో ముఖ్య వస్తువుల లెక్కింపు, సెన్సస్ మూసివేత
2. మూడు నుంచి ఐదు: ఈ-ఔషధి, ల్యాబ్, డైట్, ఆక్సిజన్ సమాచారం
3. ఆరు, ఏడు: పంపకాలు, తేడాల విడదీత
4. ఎనిమిది, తొమ్మిది: వార్డుల్లో మాటలు
5. పది: హెచ్‌ఓడీలకు పేజీలు, సూపరింటెండెంట్‌కు అన్నిటి మీదా రెండు పేజీల సారాంశం

పదో తేదీకి ఏదైనా అంకె రాకపోతే అంచనా వేసి, పక్కన "అంచనా" అని రాసి పంపండి. ఇరవై ఐదో తేదీన వచ్చే పక్కా లెక్క కన్నా పదిన వచ్చే దాదాపు లెక్క వార్డుకు పనికొస్తుంది.

మొదటి నెల రెండు డిపార్ట్‌మెంట్లతోనే మొదలుపెట్టండి. ఒకటి మెడిసిన్ లాంటి పెద్దది, ఇంకొకటి మీకు సహకరించే హెచ్‌ఓడీ ఉన్నది. మూడు నెలలు నిలదొక్కుకున్నాక మిగతావి కలపండి. బదిలీలు ఎప్పుడైనా రావచ్చు కాబట్టి పంపకం ఆధారాలు, డాక్టర్ల సమయ శాతాలు, ధరల పట్టిక, ఎవరు ఏ తేదీకి ఏ సమాచారం ఇస్తారన్న జాబితా ఒక ఫైల్‌లో పెట్టి, దాని కాపీ ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) ఆఫీసులో ఉంచండి.